అమ్మ దాచిన పుట్టినరోజు

జూన్ ఒకటో తేదీన మహారాష్ట్ర సోలాపూర్‌లోని మా తెలుగు నేతవాళ్ళ దాజీ పేట్‌లో పుట్టినవాళ్ళందరినీ ఒకచోట నిలబెడితే మా వీధులు చాలవు. మా తరమంతా ఆ రోజే పుట్టింది మరి, కాగితాల మీద. బిడ్డను బడిలో వేయడానికి వచ్చిన తల్లిని సారు "ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే, "మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన వారం" అనేది ఆమె. సారు విసుక్కుని జూన్ ఒకటి రాసేవాడు. బడులు తెరిచే నెల కదా, ఆయన చేతికి అదే వచ్చేది. ఆ లెక్కన పేటలో ఆడవాళ్ళంతా ఏటా ఒకే రోజు నొప్పులు పడ్డారన్నమాట. పాపం మంత్రసానికి ఊపిరి తీసుకునే తీరిక కూడా దొరికి ఉండదు!

నేనూ జూన్ ఒకటిదాన్నే. ఇప్పుడు టీచర్‌ని. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక నల్లబల్ల మీద 'దినవిశేష్' రాయడం నా పని. ఈ తేదీన ఏ రాజుకు పట్టాభిషేకం జరిగింది, ఏ శాస్త్రవేత్త పుట్టాడు, ఏ కవి పోయాడు, అన్నీ రాయాలి. సముద్రాల అవతల పుట్టినవాళ్ళ తేదీలు కూడా ఠక్కున రాసేస్తాను. నా తేదీ మాత్రం నాకు తెలియదు. అది తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, మా అమ్మ. ఆమె చెప్పదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. నాకంటే ముందు ఒక అన్న పుట్టాడు. మార్కండేయుడి రథం ఊరేగే రోజున పుట్టాడట. మృత్యువును గెలిచిన దేవుడి పండుగనాడు మగపిల్లాడు! పేటంతా వచ్చి చూసిపోయింది. మొదటి పుట్టినరోజుకు నాన్న మగ్గం ఆపి పేడాలు పంచాడు. మళ్ళీ ఏడు రథం కదలకముందే అన్న జ్వరంతో పోయాడు. అప్పటినుంచి రథం రోజున డప్పుల చప్పుడు దూరమయ్యేదాకా అమ్మ తలుపు వేసుకుని బీడీలు చుడుతూ కూర్చునేది. "అందరికి తెల్వబట్టె గద, దిష్టి తగిలె" అనేది.

అందుకని నా రోజును దాచేసింది. నేను పుట్టినప్పుడు నాన్న ఎవరిదో లగ్గానికి ఊరికి పోయాడు. పురుడు పోసిన ముసలామె ఎన్నడో పోయింది. అమ్మకు కావలసిందీ అదే.

అలాగని పుట్టినరోజు చేయకుండానూ ఉండలేదు. ఏడాదిలో ఏదో ఒక పొద్దున, ముందు చెప్పకుండా, నన్ను లేపి తలకు నూనె పెట్టేది. తలంటు పోసి, సేమ్యా పాయసం చేసి, నాన్న మగ్గం మీద పడుగు చివర మిగిలిన నూలు పోగుకు పసుపు పూసి నా మణికట్టుకు కట్టేది. ఒక ఏడు వానల్లో కట్టేది, ఇంకో ఏడు దీపావళి దాటాక. ఒకసారి ఒకే ఏట రెండుసార్లు కట్టింది. నేను క్యాలెండర్లు ముందేసుకుని తిథులు చూశాను, నక్షత్రాలు చూశాను. ఏదీ కలవలేదు. కోపమొచ్చి ఒకనాడు నిలదీశాను.

"ఏందమ్మా గీ దాగుడుమూతలు? నాకన్న చెప్పరాదా?"

"నీకు చెప్తే నువ్వు బోర్డు మీద రాస్తవ్. యముడు గూడ నీ లెక్కనే తారీఖులు సూస్తడు బిడ్డా. ఆనికి దొరకొద్దు."

"మరి నువ్వు మర్చిపోతే?"

"కన్నదాన్ని. నేనెట్ల మరుస్త?"

మరిచిపోయింది. నిరుడు ఎండాకాలంలో మొదలైంది. పొయ్యి మీద పాలు మరిచేది. ఎన్నడో పోయిన నాన్న ఇంకా కార్ఖానా నుంచి రాలేదని, నీలం నగర్‌లో మేమిప్పుడుండే ఇంటి గడప మీద కూర్చునేది. డాక్టర్ మాత్రలు రాసిచ్చి, వయసు కదా అన్నాడు. వయసు సంగతి నాకు తెలియదా? అది చెప్పడానికి ఆయనెందుకు!

వానలొచ్చాయి. రథం కూడా వచ్చింది. ఆ రోజు అమ్మ తలుపు బార్లా తెరిచి, డప్పులు వినబడుతున్న వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది, పక్కింటివాళ్ళతో నవ్వుతూ. ఆ దుఃఖం మరిచిందని సంతోషించాలో, అన్ననే మరిచిందని ఏడవాలో నాకు తెలియలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది. తెల్లవారుతూనే నూనె గిన్నె చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. ఆ ఏడంతా నా చెయ్యి బోడిగానే ఉండిపోయింది.

ఈ ఏడు జూన్ ఒకటి వచ్చింది. పొద్దుటినుంచే ఫోన్ నిండా పాత పేటవాళ్ళ శుభాకాంక్షలు. పంపినవాళ్ళదీ అదే పుట్టినరోజు! పక్కింటి వదిన పేడాల డబ్బాతో వచ్చి, "వదినా, ఇయ్యాల మన వాఢదివస్" అని అరిచింది. ఒకప్పుడైతే అమ్మ లోపలినుంచే "అది ఆ సారు అబద్ధం" అని కసిరేది. ఇప్పుడు గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది. డబ్బాలోంచి ఒక పేడా తీసి నా నోట్లో పెట్టింది.

"ఇయ్యాల పుట్టినవట గద. సల్లగుండు బిడ్డా."

"నిజంగ ఇయ్యాలేనా అమ్మా?"

"అందరు చెప్తున్నరు గద" అంది. నా ముఖంలోకి చూస్తూ, తప్పు చెప్పానేమోనని బెదిరినట్టు నవ్వింది.

లోపలికి వెళ్ళి, నాన్న మగ్గం నాటినుంచి దాచి ఉంచుకున్న నూలు పోగుకు పసుపు పూసి తెచ్చాను. అమ్మ చేతిలో పెట్టి నా చెయ్యి చాపాను. ఆమె దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దేనికి?" అని అడిగి, తిరిగి నా చేతిలో పెట్టేసింది.

వదిన వెళ్ళిపోయాక ఆ పోగును నేనే కట్టుకోబోయాను. ఎంతసేపు ప్రయత్నించినా ఒక్క చేత్తో ముడి పడలేదు.