అన్నం తిన్నాక వేసుకోమన్న మాత్ర

1958 డిసెంబరు 6, శనివారం, ఉదయం ఆరు గంటలకు మా నాయన దొడ్డికి పోయి వచ్చి గడపలో కూలబడ్డాడు.

"తారు మాదిరి నల్లగా పోయిందమ్మే," అన్నాడు నాతో.

"వేడి చేసింటాది," అని అమ్మ మజ్జిగ కలిపింది. నాకు మాత్రం ఆయన పెదవులు చూసి భయం వేసింది. వాటిలో రంగన్నదే లేదు.

నాయన గొర్రెల కాపరి. మోకాళ్లు వాచి మంద వెంట నడవలేకపోతుంటే, మార్కాపురం డాక్టరు ఆ మధ్యే వచ్చిన కొత్తరకం వాపు మాత్రలు రాశాడు. ఆస్పిరిన్‌కు లొంగని నొప్పి వాటికి లొంగింది. వాపూ తగ్గింది.

"ఏందయ్యా, పెండ్లికొడుకు మాదిరి నడుస్తాండావు," అని అమ్మ ఎగతాళి చేసింది.

"అయితే పిల్లను చూడు," అన్నాడు నాయన.

అన్నం తిన్నాకే వేసుకోవాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా ఇంట్లో అన్నమంటే వరి అన్నం, పండగకు వండేది. మామూలు రోజుల్లో జొన్న సంగటే. "అది అన్నం తినేటోళ్లకు చెప్పిన మాటలే," అని నాయన తెల్లవారి మందను తోలుకుపోయే ముందు పరగడుపున మింగేవాడు.

బండి కట్టించి మార్కాపురానికి బయల్దేరాం. ఆయన తల నా ఒడిలో ఉంది. బండి కుదిపినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని.

"ఏంది పిల్లా, మీసాలు లెక్కపెడతాండావా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

తర్లుపాడు దాటాక నెత్తురు కక్కుకున్నాడు. అమ్మ కొంగుతో తుడిచింది, కొంగంతా తడిసింది. ఇక ఆయన మాట్లాడలేదు. నేను వేలు తీయలేదు.

డాక్టరు కనురెప్ప లాగి చూశాడు. "కడుపులో పుండు పడి నెత్తురు కారుతోంది. ఏమీ తినకుండా వేసుకున్నాడా?"

"అన్నం తిన్నాక అంటిరి సారూ. మేము సంగటి తినేటోళ్లం," అంది అమ్మ.

నెత్తురెక్కించాలంటే కర్నూలు పోవాలన్నాడు డాక్టరు. అప్పట్లో మా జిల్లా కర్నూలే, కానీ మధ్యలో నల్లమల ఉంది. బస్సు రాకముందే, మధ్యాహ్నం మూడింటికి, నా వేలికి ఊపిరి తగలడం ఆగిపోయింది.

తర్వాత వాపు మాత్రలు ఎన్నో రకాలు వచ్చాయి. ఇప్పుడు నా మోకాళ్లకు డాక్టర్లు మాత్రలు రాసేటప్పుడు కడుపును కాపాడే మాత్ర కూడా జత చేస్తున్నారు. సంగటి తిన్నా, ఇడ్లీ తిన్నా సరేనా అని అడిగి అడిగి తెలుసుకుంటాను. అయినా మింగిన మరునాడు దొడ్డికి పోయి రంగు చూసుకుంటాను.

ఆ రోజు పోయింది ఇది: అమ్మకు మొగుడు, నాకూ ఇద్దరు తమ్ముళ్లకూ నాయన, మందకు కాపరి. మనిషి ఒక్కడే. వయసు నలభై నాలుగు.