అవ్వ మంచం, నాయిన మడత బల్ల

మొన్నటి వానలకు ఉబ్బిపోయి మూసుకోని మా యాప్రాల్ ఇంటి తలుపును సరిచేయడానికి వచ్చిన వడ్రంగి, మిషను ముట్టుకోకుండా సంచిలోంచి పాత చిత్రిక తీసి అంచు మీద నాలుగుసార్లు తోశాడు. ఇల్లంతా టేకు వాసన. వంటింట్లో పోపు మాడుతున్నా నేను కదల్లేదు. ఆ కాసేపు నాకు పదేళ్లే.

అప్పట్లో దేవరయాంజాల్‌లో మాకున్నవి రెండే గదులు. వెనకది వంటకు, రోడ్డువైపుది నాయిన వడ్రంగి దుకాణం, రాత్రయితే అదే మా పడక. ఆ గది మధ్యలో వెడల్పాటి మద్దిచెక్క పనిబల్ల ఉండేది. దాని చుట్టూ ఎవరైనా పక్కకు తిరిగి నడవాల్సిందే. ఎండాకాలం రంపపు పొట్టు వేడెక్కి కమ్మగా వాసన వేసేది, వానాకాలం అదే పొట్టు కాళ్లకంటుకుని వంటింటిదాకా వచ్చేది, చలికాలం పొద్దున్నే అవ్వ దాన్ని పొయ్యిలో చల్లి మాకు నీళ్లు కాచేది. చిత్రికలోంచి చుట్టలు చుట్టలుగా రాలే చెక్కపొరలు నాకూ చెల్లికీ గాజులు, కమ్మలు, ఒక్కోసారి జడకుచ్చులు.

ఆ ఏడు అవ్వ వాకిట్లో పాచి మీద జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు కొన్ని నెలలు మంచం దిగొద్దన్నాడు. వెనక గదిలో మంచం వేస్తే పొయ్యి దగ్గర అమ్మకు చోటుండదు. ముందు గదిలో వేస్తే బల్ల పోవాలి. కుత్బుల్లాపూర్‌లో చెక్కపెట్టెలు చేసే కంపెనీలో పని చూశానని, దుకాణం మూసి రమ్మని మా మామ నాయినతో అన్నాడు. అది విని అవ్వ మొహం గోడవైపు తిప్పుకుని అంది.

"నా కోసానికి నువ్వు దుకాణం బంద్ జేస్తే నాకు ముద్ద దిగదు కొడుకా."

మర్నాడు నాయిన నన్ను టేపు ఒక కొస పట్టుకోమని, సుద్దముక్కతో నేలంతా గీతలు గీశాడు. ఇక్కడ మంచం, ఇక్కడ తను నిలబడే చోటు, ఇక్కడ బల్ల. పాత బల్లను కోసి ఐదడుగులకు కుదించాడు, వెడల్పు సగం చేశాడు. దాని ఒక అంచును తలుపు బందులతో గోడకు బిగించి, రెండో అంచుకింద చెరో కొసన లోపలికి మడిచే కాళ్లు రెండు పెట్టాడు. పనప్పుడు దించుకోవాలి, పనయ్యాక ఎత్తి గోడకు ఆనించి గొళ్లెం పెట్టాలి.

మొదటిరోజు కిటికీ రెక్కకు చిత్రిక పడుతుంటే గోడలోంచి స్క్రూలు మట్టితో సహా ఊడివచ్చాయి. బల్ల ఒరిగి అవ్వ మంచం కోడును కొట్టుకుంది. అమ్మ చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇగ చాలు. మా అన్న చెప్పిన పనికే పో" అంది.

నాయిన రెండు రోజులు ఆ గోడ బెజ్జాలనే తడిమి చూసుకున్నాడు. మూడోరోజు గోడకు అవతలివైపు దాకా బెజ్జాలు వేసి, లోపలొక పలక, బయటొక పలక పెట్టి పొడుగాటి బోల్టులతో బిగించాడు. ఈసారి బల్ల మీద నన్నూ చెల్లినీ ఎక్కించి గెంతమన్నాడు. కదల్లేదు. కాని ఎత్తి మడిస్తే కాళ్లు రెండూ మధ్యలో ఒకదానికొకటి తగిలి జానెడు ముందుకు పొడుచుకువచ్చాయి. అమ్మ అవ్వను లేపి కూర్చోబెట్టబోతే చీర చిక్కుకుంది. కాళ్లు పొట్టి చేస్తే బల్ల పొట్టిదవుతుంది. నాయిన తల పట్టుకుని కూర్చున్నాడు.

పగలంతా పడుకుని దాన్నే చూస్తున్న అవ్వ మెల్లగా అంది. "ఒక కాలు బందు కింద చిన్న చెక్కముక్క పెట్టు. అది జర ఎత్తున ఉంటది. రెండోదాని మీద పండుకుంటది."

నాయిన కాసేపు బల్లను చూశాడు, తర్వాత అవ్వను చూశాడు. "గీ మాట పొద్దుగాల్నే చెప్పొద్దా అమ్మా?"

"నన్నెవలు అడిగిండ్రు?" అంది అవ్వ.

అమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత.

ఆ చెక్కముక్క పడినప్పటినుంచి మా గది రోజుకు రెండుసార్లు మారేది. పొద్దున బల్ల దిగితే దుకాణం, సాయంత్రం ఎక్కితే ఇల్లు. సద్దుల బతుకమ్మ నాడు నాయిన పని ఆపి బల్లను అమ్మకు వదిలేశాడు. దానిమీద తంగేడు, గునుగు, బంతి పూలు కుప్పలు పోసి వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మను పేరుస్తుంటే, అవ్వ మంచం మీద కూర్చుని రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తూ మా చేతుల్లో పెట్టింది. దీపావళి దాటాక లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుని ఐదడుగులు అటు, ఐదడుగులు ఇటు. నాయిన చిత్రిక పక్కన పెట్టి, అడ్డం తొలగి నిలబడేవాడు.

చాలా ఏళ్లకు ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. అవ్వ అంతకు చాలా ముందే, తన కాళ్ల మీద తిరుగుతూనే కన్నుమూసింది. పోయిన నెల నాయినతో అటు వెళ్తే, మేమున్న చోటు సగం రోడ్డు, సగం టైల్స్ షోరూము. పొట్టు లేదు, మట్టిగోడ లేదు. లోపలికి పోయి నాయిన అడుగులతో కొలిచి, "గీడ బల్ల, గీడ మీ అవ్వ" అన్నాడు. షాపతను కూర్చోమని స్టూలు వేశాడు. కూర్చోగానే ఆ చెక్క స్టూలు అటూ ఇటూ ఊగితే, నాయిన వంగి దాని కాళ్లు తడిమాడు.

"దీన్ని ఎవలు జేసిండ్రు? రేపు పనిముట్లు తెస్త, ఉండనీ" అన్నాడు.