సంచి పిన్ని పైకి చెప్పమంది

మా ఆవిడ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. ఆమె పనిచేసేది బాలబడిలో, కానీ పాఠాలు చెప్పదు. పిల్లల ఇళ్లకు వెళ్తుంది, కానీ చుట్టం కాదు. చంటివాడి ఏడుపుతో కంటిమీద కునుకు లేని తల్లికి పగలు కాస్త నడుం వాల్చే వీలు చూస్తుంది. మొగుడూ పెళ్లాలు మాటలు మానేస్తే ఇద్దరి మధ్యా కూర్చుని, పిల్లవాడి బూట్లు బిగుతయ్యాయా అన్న సంగతి మీద ఇద్దరి చేతా నోరు విప్పిస్తుంది. పని పోయిన తండ్రిని వెంటబెట్టుకెళ్లి ఎవరిని అడగాలో వాళ్లను అడిగిస్తుంది. బడివాళ్లు దీనికి కుటుంబ సహాయం అని పేరు పెట్టారు. పిల్లలు మాత్రం ఆమెను సంచి పిన్ని అంటారు. ఎక్కడికి వెళ్లినా వెంట ఒక గుడ్డ సంచి, దాని నిండా చిన్న గిన్నెలు, చెక్క చెంచాలు, గుండీలతో కళ్లు కుట్టిన పాత మేజోళ్లు.

ఆ సంచి మోసేది నేను, పేరు మాత్రం ఆమెది. నేను వాచీలు బాగుచేసేవాణ్ణి. జనం ఫోన్లలో టైము చూసుకోవడం మొదలుపెట్టాక కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్న మనిషిని కూర్చోనిస్తే ఆమె మా ఆవిడ ఎలా అవుతుంది? "ఊరికే గోడలు చూసే బదులు నన్ను స్కూటరు మీద దించి రావచ్చుగా" అంది. దించాను. "బయట ఎండలో ఎందుకు, మీరూ లోపలికి రండి" అంది. వెళ్లాను. అలా జీతం లేని డ్రైవరునీ, మూటలు మోసేవాణ్ణీ, ఇంటింటా టీ తాగేవాణ్ణీ అయి కూర్చున్నాను.

ఈ కథ గువ్వ గురించి. నాలుగేళ్ల పిల్ల. బడిలో చేరిన దగ్గర్నుంచి నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టరు చెప్పాడు. బొమ్మలు చక్కగా పేర్చేది, నవ్వేది, పిలిస్తే వచ్చేది. మాట మాత్రం లేదు. బడి నడిపే పెద్దమ్మగారు కఠినురాలేం కాదు గానీ, ఉన్నమాట చెప్పేసింది. సెలవుల లోపల పిల్ల నాలుగు మాటలన్నా ఆడకపోతే పై తరగతికి పంపడం కష్టం, స్నేహితులంతా వెళ్లిపోతారు, గువ్వ మళ్లీ కొత్త పిల్లల మధ్య మిగిలిపోతుంది. ఆ మాట విన్న తండ్రి ముఖం నేను చూశాను. పాపం, తాళం పడిన గది బయట నిలబడినట్టు నిలబడ్డాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాటకు కరువు మనిషి. "ఊఁ" అంటే ఉపన్యాసం ఇచ్చినట్టే లెక్క. గువ్వ తల్లి రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు, మనుషులు లేచేసరికే పనిలో ఉంటుంది. ఇక ఇంట్లో ఉండేది అమ్మమ్మ. కూతురూ అల్లుడూ వాడకుండా వదిలేసిన మాటలన్నీ ఆవిడే పోగుచేసి వాడేసేది.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు మా ఆవిడ నేల మీద చతికిలబడి సంచి విప్పి, "ఈ మేజోడు పేరేం పెడదాం గువ్వా?" అంది.

"దానికి సిగ్గండి, చెప్పదు" అంది అమ్మమ్మ. "నీళ్లు కావాలా తల్లీ? ఇదిగో. బిస్కెట్టా? ఇదిగో. ఆ కిటికీలోంచి గాలొస్తోందా, మూస్తానుండు."

పిల్ల అలా కన్ను తిప్పితే చాలు, వస్తువు చేతిలో ఉండేది. నేనూ ఆ ఇంట్లో ఉంటే నోరు తెరిచే శ్రమ పెట్టుకోను.

మా ఆవిడ ఇద్దరికీ చెరొక పని అప్పజెప్పింది. అమ్మమ్మతో, "అమ్మమ్మగారూ, పాప అడిగేదాకా కాస్త ఆగండి. మీరు మాట్లాడకపోతే తనకి మాట్లాడే సందు దొరుకుతుంది" అంది. తండ్రితో, "మీరేమో ఏ పని చేస్తున్నా పైకి చెబుతూ చెయ్యండి. గడ్డం గీసుకుంటున్నా సరే, గుడ్డు పగలగొడుతున్నా సరే. పాప వింటుంది" అంది.

ఆయన చాలాసేపు ఆలోచించి, "పైకా అండీ?" అన్నాడు.

"ఆ, పైకే."

"ఊఁ" అన్నాడు.

మళ్లీ వెళ్లి తలుపు తట్టేసరికి మాకు రెండంతస్తుల మనిషి తలుపు తీశాడు. కింద అంతస్తు మెకానిక్, పై అంతస్తు గువ్వ. భుజాల మీద కూర్చుని ఆయన జుట్టు పట్టుకుని ఉంది. ఆయన మెడ వెనక్కి విరిచి, పిల్ల గడ్డం వైపు చూస్తూ, "ఇప్పుడు నాన్న తలుపు తీశాడు. సంచి పిన్ని వచ్చింది. వెనక సారు వచ్చారు. సారుకి ఆయాసం" అన్నాడు. నాకేం ఆయాసం లేదు, మెట్లెక్కితే ఎవరికైనా ఆ మాత్రం ఉంటుంది.

లోపల అమ్మమ్మ రెండు బుగ్గలూ ఉబ్బించుకుని కూర్చుని ఉంది. "పన్ను నొప్పా అండీ?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, పక్కనున్న చెంబు చూపించింది. నోరు ఊరుకోవడం లేదని నోటి నిండా నీళ్లు పట్టి కూర్చుందట. ఆ సంగతి కూడా అల్లుడే పైకి చెప్పాడు.

"పాపని ఎందుకండీ ఎత్తుకున్నారు?" అంది మా ఆవిడ.

"మీరే కదండీ పైకి చెప్పమన్నారు. ఇది కింద ఉంటే పైకెలా చెప్తాను?"

ఆయన తప్పేం లేదు. పొద్దస్తమానం లిఫ్టు గుంతలో నిలబడి, మీది అంతస్తులో ఉన్న జతగాడికి అరిచి చెప్పే మనిషికి పైకి అంటే పైకే. నేను నవ్వు ఆపుకోలేక సంచిలో తల దూర్చాను. మా ఆవిడ తప్పు దిద్దుతుందని ఎదురుచూశాను. ఆమె నా మోచేతి మీద ఒక్క గిల్లు గిల్లి, "చాలా బాగుందండీ, ఇలాగే చెయ్యండి" అంది.

తిరిగి వస్తుంటే స్కూటరు వెనక కూర్చుని ఆమె నవ్విన నవ్వుకి బండి రోడ్డుకి ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగింది.

"చెప్పొచ్చుగా, పాపం ఆయన మెడ పోతుంది" అన్నాను.

"మీరు ఆయన్నే చూశారు. పాపని చూడలేదు. వంగి ఆయన నోరు చూస్తోంది. ఆయన మాట్లాడుతుంటే దాని పెదాలు కూడా కదులుతున్నాయి" అంది. వాచీల్లో వెంట్రుకంత స్ప్రింగులు చూసిన నా కళ్లకు అది కనబడలేదు. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు.

ఆ తర్వాత ఆయన మెడకు పట్టీ వచ్చింది. అయినా ఆగలేదు. బజారులో, బస్టాపులో, లిఫ్టుల దగ్గర కూడా అలవాటు కొద్దీ, "ఇప్పుడు నాన్న స్క్రూ తిప్పుతున్నాడు" అనేవాడట. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లు మెట్ల దారి పట్టేవారట.

సెలవుల ముందు పెద్దమ్మగారు వాళ్లను పిలిచింది. బాలబడిలో తల్లిదండ్రుల గది అని ఒకటుంది గానీ, కుర్చీలు మాత్రం పిల్లలవే. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. అమ్మమ్మ బుగ్గల నిండా నీళ్లతో ఒక కుర్చీలో ఇరుక్కుంది. తల్లి పిండి అంటిన జుట్టుతో ఫ్యాక్టరీ నుంచి నేరుగా పరిగెత్తుకొచ్చింది. తండ్రి గువ్వతో సహా వంగి తలుపు దాటి వచ్చి నిలబడ్డాడు.

"నీ పేరేంటమ్మా?" అంది పెద్దమ్మగారు.

గువ్వ తండ్రి జుట్టు గట్టిగా పట్టుకుంది. అమ్మమ్మ ముఖం ఎర్రబడింది. తల్లి ఏదో అనబోతే, మా ఆవిడ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఈసారి నేనూ పాప పెదాల వైపే చూశాను.

"ఇప్పుడు మేడమ్ గారు నీ పేరు అడిగారు" అన్నాడు తండ్రి పైకి చూస్తూ. "ఇప్పుడు అందరూ చూస్తున్నారు. ఇప్పుడు నాన్నకి చెమట పడుతోంది." చేత్తో నుదురు తుడుచుకున్నాడు. "ఇప్పుడు నాన్నకి భయంగా ఉంది."

గువ్వ వంగి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. బయట ఇసుకలో పిల్లలు బకెట్లు బోర్లిస్తున్నారు. తండ్రి నెత్తి మీద అరచేత్తో మెల్లగా తట్టింది.

"ఇప్పుడు గువ్వ కిందికి దిగుతోంది" అంది.

అమ్మమ్మ నోట్లో నీళ్లు పెద్దమ్మగారి ముఖం మీదా, కళ్లజోడు మీదా, బల్ల మీదున్న కాగితాల మీదా పడ్డాయి. ఇన్నాళ్లూ దాచిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయేమోనని నేను చెవులు మూసుకోబోయాను. ఆవిడ నోరు తెరిచింది, మాట దొరక్క మళ్లీ మూసింది. పెద్దమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "పంపిద్దాం, పై తరగతికి పంపిద్దాం" అంది.

మెకానిక్ మోకాళ్లు వంచి పిల్లను దించాడు. అది గుమ్మం దాటి ఇసుక వైపు పరిగెత్తింది. ఆయన ఖాళీ భుజాలతో, అలవాటు కొద్దీ తల పైకెత్తి, "ఇప్పుడు..." అన్నాడు.

గువ్వ వెనక్కి తిరిగి చూసింది. బకెట్లు పట్టుకున్న పిల్లలందరికీ వినబడేటట్టు, "ఇప్పుడు మా నాన్న ఏడుస్తున్నాడు" అని చెప్పింది.

నిజమే. అమ్మమ్మా, తల్లీ, మా ఆవిడా, చెప్పుకుంటే సిగ్గు గానీ నేనూ అదే పనిలో ఉన్నాం. గువ్వకి అప్పటికి ఒకసారికి ఒక్కరి సంగతి చెప్పడమే వచ్చు.