వారిన్ దొరకు కొడుకు పుట్టిన పొద్దు

మా వెన్‌కోట్ దొర సర్ వారిన్ తుమ్మితే పావురాల గూడు ఖాళీ అయిపోయేది. నమ్మనివాళ్లు మా ఊరొచ్చి పావురాలనే అడగవచ్చు. మనిషి మాత్రం పొట్టి. గుర్రం ఎక్కాలంటే తొట్టి బోర్లించాలి. ఎక్కిన తర్వాత ఆ గుర్రం కదలాలంటే ముందొకడు ఆపిల్ పండు చూపిస్తూ నడవాలి. వేల్స్ మీద యుద్ధానికి రమ్మని రాజుగారు కబురు పెడితే ఆ గుర్రం మీదే బయల్దేరాడు. చేరేసరికి యుద్ధం ముగిసింది. అయినా వట్టి చేతులతో రాలేదు. ఒక వేల్స్ మేకను తాడేసి తీసుకొచ్చి దొరసాని ముందు నిలబెట్టి, "శత్రువును బందీగా పట్టుకొచ్చాను" అన్నాడు.

"గడ్డం చూస్తే వాళ్ల సేనాపతిలాగే ఉన్నాడు. మరి మీకెలా లొంగాడండీ?" అంది హావీస్ దొరసాని.

"చాలాసేపు పోరాడాం. చివరికి ఇద్దరికీ ఆకలేసింది."

బారన్లలో ఆయనది చివరి బల్ల. పెద్ద ప్రభువుల విందుల్లో జింక మాంసం తన దాకా వచ్చేసరికి కొమ్ములే మిగులుతాయని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఆయనకున్నదల్లా ఒక రాతి ఇల్లు, ఏటి పక్కన పిండిమర, నేను చూసుకునే చేపల చెరువులు, గుట్ట మీద తాతల నాటి ఓక్ అడవి. శుక్రవారం పాముచేపల పులుసు, ఆదివారం అడవి దాకా ఒక నడక ఉంటే ఇక ఆయన రాజుగారితో కూడా పీట మార్చుకునేవాడు కాదు. దొరసాని ఆయన కంటే జానెడు పొడుగు. ఆమె చెవిలో ఏదైనా చెప్పాలంటే మేడమెట్టు ఎక్కి చెప్పేవాడు. అందుకని ఆ ఇంట్లో రహస్యాలన్నీ మెట్ల దగ్గరే నడిచేవి, మాకందరికీ వినిపించేవి.

వాళ్లకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు. తల్లి కుట్టుపని నేర్పితే, తండ్రి బుట్టలేసి పాముచేపలు పట్టడం నేర్పాడు. ఆ పిల్లలు నాకన్నా బాగా పట్టేవారని ఊళ్లో ఒక పుకారు ఉంది. శుద్ధ అబద్ధం. పెద్దమ్మాయి ఒక్కతే బాగా పట్టేది.

ఒక్క విషయంలో మాత్రం దొర పరాచికాలాడేవాడు కాదు. ఆయన తండ్రి ఆయన చిన్నతనంలోనే పోయాడు. తండ్రి పోయిన వారసుడికి ఇరవై ఒక్కటి నిండేదాకా భూమి సంరక్షకుడి చేతిలో ఉంటుంది. నిండాయని ఎవరు చెప్పాలి? పుట్టుకలు రాసిపెట్టే అలవాటు మాలో ఎవరికుంది? ఊరి పెద్దమనుషులు పన్నెండుమంది ప్రమాణం చేసి, ఈ పిల్లవాడు ఫలానా ఏడు పుట్టాడు, మాకు ఫలానా కారణంగా జ్ఞాపకముంది అని చెప్పాలి. వారిన్ దొర వంతు వచ్చినప్పుడు ఆ పన్నెండుమందీ తలలు గోక్కుని "ఏమో" అన్నారు. ఆ "ఏమో" తేలేలోగా సంరక్షకుడు ఇంకో రెండేళ్లు కూర్చుని తిని, ఆపిల్ తోట మొదలంటా నరికి అమ్ముకున్నాడు.

అందుకే దొరసాని నాలుగోసారి పురిటి గదిలోకి వెళ్లినప్పుడు ఆయన కిందా మీదా పడుతూ గుమ్మంలోనే తిరిగాడు. మార్చి నెలలో గ్రెగరీ పునీతుడి పండుగ రోజది. మంత్రసాని తల బయటపెట్టి "మగపిల్లాడు దొరా!" అనగానే ఒక కాలి జోడుతోనే వీధిలోకి ఉరికాడు.

మొదట దొరికింది కమ్మరి హామో. దొర వెళ్లి అతని చెంప ఛెళ్లుమనిపించాడు.

"నేనేం చేశాను దొరా?"

"నువ్వేం చెయ్యలేదురా. కొడుకు పుట్టాడు! గుర్తుంచుకో!"

అక్కడినుంచి పిండిమరకు పరుగెత్తాడు. మర నడిపే గాస్లిన్ మా అక్క మొగుడు. అతని తలమీది టోపీ లాగి మరకాలవలో విసిరేసి, "దూకి తెచ్చుకో, గుర్తుంచుకో!" అన్నాడు. విలుకాడు ఎడ్రిచ్‌కు మాత్రం ఒక పందిపిల్లను మోసుకెళ్లి ఒళ్లో పెట్టాడు. తపస్సు కాలమది, మాంసం ముట్టకూడదు. ఈస్టర్ దాకా ఎడ్రిచ్ దాని మొహం చూస్తూ ఉప్పుచేపలు నమిలాడు. ఈస్టర్ వచ్చేసరికి దానికి పేరు పెట్టేసుకున్నాడు, ఇక కొయ్యడానికి చేతులు రాలేదు.

నేను చెరువు గట్టున నిలబడి వల సరిచేసుకుంటున్నాను. వెనకనుంచి ఒక్క తోపు. నేను పడిన దెబ్బకు చెరువులోని చేపలన్నీ ఎగిరి గట్టున పడ్డాయి. ఏరుకోవడానికి ఊరు చాలక పక్క ఊరికి కబురు పెట్టారు. తేలి చూస్తే దొర గట్టు మీద గంతులేస్తున్నాడు. "విగొట్, గుర్తుంటుందా?" అని అరిచాడు. నోటి నిండా నీళ్లు కాబట్టి తల ఊపాను. చివరికి చర్చికి వెళ్లి తాడు తెగేదాకా గంట తానే కొట్టాడు.

పిల్లవాడికి ఇవో అని పేరు పెట్టారు. వాడికి పాలపళ్లు ఊడే వయసులో దొర జ్వరంతో పోయాడు. మా పైప్రభువు దగ్గర సంరక్షణ హక్కు సర్ బెవిస్ అనే ఆయన కొనుక్కున్నాడు. ఇవోను తన ఇంటికి తీసుకుపోయాడు, మా గుట్ట మీదికి గొడ్డళ్లను పంపాడు. ఏటేటా అడవి ఒక అంచు నుంచి తరిగిపోతూ వచ్చింది. దొరసాని తన వాటాకొచ్చిన రెండు గదుల్లో ఉంటూ, కిటికీలోంచి బండ్లు వెళ్లడం చూసేది. పిల్లలకు పెళ్లిళ్లు చేసింది, మాతో నవ్వుతూ మాట్లాడేది. బండ్ల చప్పుడు వినిపించినప్పుడు మాత్రం మాట మధ్యలో ఆగేది.

ఇవోకు ఇరవై ఒకటి నిండాయి. "ఇంకా ఇరవయ్యే" అన్నాడు బెవిస్. మరొక్క ఏడాది చేతికి చిక్కితే గుట్ట మీద మిగిలిన ఓక్ చెట్లు కూడా బండ్లకెక్కుతాయి. ప్రమాణం చేసేందుకు మా ఊరినుంచి నాతో కలిపి పన్నెండుమందిని ష్రూస్‌బరీ పట్నానికి రమ్మని పిలుపొచ్చింది.

దొరసాని నన్ను పిలిపించింది.

"విగొట్, నువ్వు మఠం బడిలో చదువుకున్నావు కదూ?"

"చదువుకున్నానమ్మగారూ."

"ఎంతదాకా?"

"గోడ దూకేదాకా."

"సరే, మనలో అంతమాత్రం చదివినవాడు కూడా ఇంకొకడు లేడు. అక్కడ వాళ్లు తడబడకుండా చూడు. వాళ్ల నాన్నకు జరిగిందే వీడికీ జరిగితే నేను చూడలేను."

నేను గడప దాటేలోపే పథకం సిద్ధం. చెంపదెబ్బ, టోపీ, పందిపిల్ల, ఇవి పెద్దమనుషులు ప్రమాణం చేసి చెప్పే మాటలా? అధికారి నవ్వి పంపించడూ? అందుకని పన్నెండుమందికీ సరిపోయేలా ఒకే కథ అల్లాను. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. చర్చి మీద తెల్లకొంగ మూడుసార్లు తిరిగింది. మేమందరం కొవ్వొత్తులు పట్టుకుని బాప్తిస్మానికి నడిచాం. మా మఠం గురువులు వింటే నన్ను బడిలోంచి పోనిచ్చినందుకు కుమిలిపోయేవారు. పిండిమరలో కూర్చోబెట్టి అందరికీ వల్లె వేయించాను.

"కొంగ ఎటువైపు తిరిగింది?" అన్నాడు ఎడ్రిచ్.

"కుడివైపు."

"నేను చూడలేదే."

"ఎవరూ చూడలేదు ముసలోడా! చెప్పడమే!"

"మరి పందిపిల్ల సంగతి ఎప్పుడు చెప్పాలి?"

"చెప్పకూడదు."

ఎడ్రిచ్ ఆ మాటకు నొచ్చుకుని ఆ సాయంత్రం నా బీరు ముట్టలేదు.

ష్రూస్‌బరీ సావడిలో రాజుగారి అధికారి జలుబుతో ముక్కు ఎర్రబడి కూర్చున్నాడు. ఒక పక్క బెవిస్, అతని తరఫున మాట్లాడే గుమస్తా. ఇంకో పక్క ఇవో. వెనకాల గోడవారన దొరసాని, తలమీద ముసుగు. మొదట హామోను పిలిచారు.

"ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది" అని మొదలుపెట్టాడు హామో, కళ్లు మూసుకుని. "తెల్లకొంగ ఒకటి..."

"నిర్మలంగానా?" అంటూ లేచాడు గాస్లిన్. "మంచు కురుస్తోంది ఆ రోజు!"

నేను చొక్కా పట్టి లాగాను. "కూర్చో బావా, నీ వంతు రాలేదు."

"నువ్వుండరా! ఆ మంచులో టోపీ కోసం కాలవలో దూకింది నువ్వా నేనా? వారం రోజులు పళ్లు కొట్టుకున్నాయి నాకు!"

హామో కళ్లు తెరిచాడు. "మంచెక్కడిది? నాకు చెమటలు కారుతుంటేనూ!"

"కొలిమి పక్కన నిలబడితే చెమట కారక తేనె కారుతుందా?"

"నేను వీధిలో ఉన్నాను! చెంపదెబ్బ తిన్నది వీధిలో! నువ్వు చూశావా?"

"ఇద్దరూ అబద్ధాలకోర్లే" అన్నాడు ఎడ్రిచ్ కర్ర ఊతంగా లేస్తూ. "కురిసింది వాన. మార్జరీ తడిసి ముద్దయింది, పాపం, గజగజా వణికిపోయింది."

"మార్జరీ ఎవరు?" అన్నాడు అధికారి.

"పందిపిల్ల దొరా" అన్నాడు ఎడ్రిచ్, కళ్లు తుడుచుకుంటూ.

ఇక మిగిలినవాళ్లు కూడా లేచారు. ఒకడు గంట తాడు తన నెత్తిన పడిందన్నాడు, ఇంకొకడు కాదు నా నెత్తిన అన్నాడు. నా తెల్లకొంగ ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. నేను మొహం చేతుల్లో దాచుకున్నాను. బెవిస్ గుమస్తా లేచి వినయంగా వంగి, "అయ్యా, ఎండో వానో తేలనివాళ్లకు ఏడు తేలుతుందా?" అన్నాడు.

అధికారి బల్ల చరిచి, ముక్కు చీది, ఒక్కొక్కరినీ అడిగాడు. "వాతావరణం వదిలెయ్యండి. ఏ ఏడో చెప్పండి."

"ఆ ఈస్టర్ తర్వాతే నా పెళ్లి దొరా" అన్నాడు హామో. "వచ్చే ఈస్టర్‌కు ఇరవై రెండో ఏడు పడుతుంది. పెళ్లికి ముందే చెంపదెబ్బలు అలవాటు చేసుకున్నావా అని నా పెళ్లాం ఇప్పటికీ దెప్పుతుంది."

"ఆ చలికాలమే వరదకు పాత చక్రం కొట్టుకుపోయింది" అన్నాడు గాస్లిన్. "నేను కొత్తది బిగిస్తుంటేనే దొర వచ్చాడు."

"ఏ వరద? ఈ ఊరి వంతెన పోయిన వరదా?" అన్నాడు అధికారి.

"అదే, ఇంకేది!"

"వేల్స్ యుద్ధానికి పోయినప్పుడు మా దొర గుర్రం నా కాలు తొక్కింది" అన్నాడు ఎడ్రిచ్. "కుంటుకుంటూ ఇంటికొచ్చిన మరుసటి వసంతం."

అధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు?"

కొంగ గొంతులో కొట్టుకుంటోంది. కానీ చుట్టూ పదకొండుమంది నన్ను నమిలేసేలా చూస్తున్నారు. "నన్ను చెరువులోకి తోశాడు దొరా" అన్నాను.

"అప్పుడు ఎండగా ఉందా, మంచుగా ఉందా?"

"నీళ్లలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది దొరా, తడిగా ఉంది."

అధికారి జలుబు కూడా మర్చిపోయి నవ్వాడు. తర్వాత బెవిస్ వైపు చూసి అన్నాడు: "ఈ బల్ల ముందు నేను చాలామందిని చూశాను. పన్నెండుమంది వచ్చి పాట పాడినట్టు ఒకే మాట చెబుతారు. అందరికీ ఒకే రోజు, ఒకే కాలు విరిగి ఉంటుంది. వాళ్లను అటునుంచి అటే పంపించేస్తాను. నేర్చుకొచ్చినవాళ్లు కొట్టుకోరు. వీళ్లు ఆ పొద్దు కోసం ఇంకా కొట్టుకుంటున్నారు. ఏడు మాత్రం అందరిదీ ఒకటే, ఆ వంతెన పోయిన ఏడు నాకూ తెలుసు. పిల్లవాడికి వయసు నిండింది. భూమి అప్పగించండి."

నా పథకం తల్లకిందులైందని ఆ పదకొండుమందీ ఊరంతా చాటారు. చాటుకోనివ్వండి. నేను కథ నేర్పకపోతే వాళ్లు అక్కడ మరిచిపోవడానికి ఏముండేది? మరిచిపోకపోతే ఎలా పోట్లాడుకునేవారు? పోట్లాడుకోకపోతే అధికారి ఎలా నమ్మేవాడు? కాస్త చదువుకున్నవాళ్లకు ఇది అర్థమవుతుంది.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇవో గుర్రం దిగకుండానే నేరుగా గుట్టెక్కి, గొడ్డళ్లవాళ్లను దింపించి, వాళ్లకు కడుపునిండా రొట్టె పెట్టించి పంపేశాడు. ఇంకా సగానికి పైగా అడవి నిలిచే ఉంది. ఆ రాత్రి దొరసాని మా అందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి పాముచేపల పులుసు వండించింది. బీరు తానే పోసింది.

"పురిటి గదిలో కిటికీలన్నీ మూసేస్తారు కదా" అంది. "బయట ఆయనేం చేశాడో నాకెవరూ చెప్పలేదు. ఆయనను అడిగితే, ఊళ్లోవాళ్లకు కబురు చెప్పొచ్చాను అన్నాడంతే. గంట మోగుతూ మోగుతూ ఆగిపోతే నా గుండె ఝల్లుమంది."

"తాడు తెగిందమ్మగారూ" అన్నాను.

"ఈ రోజే తెలిసింది!" అని ముసుగుతో మొహం కప్పుకుని నవ్వింది. భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. తర్వాత చెంబు కింద పెట్టి, "హామో, మళ్లీ మొదటినుంచి చెప్పు. ఎండనే చెప్పు, నేనేం అనను" అంది.

చెప్పాడు. గాస్లిన్ మంచు కురిపించాడు. ఇవో తండ్రిని సరిగా ఎరగడు, పొట్టిగా ఉండేవాడని తప్ప. గ్లాసు పట్టుకుని వచ్చి ఎడ్రిచ్ పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"తాతా, ఆ పందిపిల్లను మా నాన్న ఎలా ఎత్తుకొచ్చాడు?"

"రెండు చేతులా పొదువుకుని బాబూ, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు."

"రెండు చేతులెక్కడివి?" అన్నాడు అవతలి బల్ల నుంచి గాస్లిన్. "ఒక చేతిలో ఆ రెండో జోడు ఉంటేనూ!"

"జోడు ఇంట్లోనే ఉందిరా!"

"నేను చూశాను!"

"నువ్వు కాలవలో ఉన్నావు!"

దొరసాని చెంబు ఎత్తి ఇద్దరి గ్లాసుల్లోనూ మళ్లీ పోసింది.