డిస్క్రిపెన్సీ గడి

ఓవెన్ తలుపు తీయగానే తడి ఇనుప ఖనిజం ఎండిన వేడి వాసన ముఖానికి కొట్టింది. పొద్దున నేనూ, తోటి కెమిస్టు రమణా ఇచ్చిన రిపోర్టులు చివరి అంకె దాకా ఒకేలా ఉన్నాయి. నాకు నచ్చలేదు. రమణ నమూనాని చెప్పకుండా నేనే ఆరబెట్టాను. ఈ పాడు అనుమానం నాకు అప్పటి మా సీనియర్ కెమిస్టు పైడితల్లి మేడమ్ అంటించి వెళ్లారు.

విశాఖ పోర్టు దగ్గర చిన్న ల్యాబు మాది. ఓడకెక్కే ఖనిజంలో తడెంతో చూడటం పని. తడి ఎక్కువైతే నడిసముద్రంలో సరుకు బురదై ఒక పక్కకు జారుతుంది, ఓడ ఒరిగిపోతుంది. అందుకే ఒకే కుప్పను ఇద్దరం విడివిడిగా పరీక్షిస్తాం. నేను చేరిన రోజే మేడమ్ రిజిస్టరులో డిస్క్రిపెన్సీ అనే గడి చూపించి, అర్థమేమిటని అడిగారు. డిఫరెన్స్ అన్నాను.

"కాదు నాయనా. రెండు కుప్పలకి మజ్జినుండేది డిఫరెన్సు. ఒకే కుప్పకి మనిద్దరం సెరో మాటా సెప్తే అది డిస్క్రిపెన్సీ. ఎందుకొచ్చిందో ఎతకాలి."

వెతకడం నాకు విసుగు. ఆవిడ తగరపువలస నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాను కూడా రెండుసార్లు వాసన చూసి తినే మనిషి. ఒక సాయంత్రం ఓడ రేవులో కాచుకుని ఉంది, నాకు మద్దిలపాలెం బస్సుకు టైమైపోతోంది. నా ట్రే ఓవెన్లో పెట్టకుండానే ఆవిడ అంకెను చూసి నా కాగితంలో దించేశాను. మేడమ్ కాగితం చూసి కళ్లజోడు పైకి జరిపారు.

"నీ సేతికీ నా సేతికీ ఇంత పొత్తెప్పుడు కుదిరింది?"

వెంటనే నా ట్రే పెట్టించారు. అది ఎండేదాకా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. తీరా తూస్తే తడి హద్దు దాటింది. కుప్ప అడుగు నుంచి ఇద్దరం కలిసి తీసిన నమూనా కూడా అదే చెప్పింది. ఆవిడ నమూనా ఎండకు ఆరిన పైపొరలోది. తప్పు మేడమ్‌ది. లోడింగ్ ఆపమని ఫోన్ చేసి, గడిలో తన పేరే రాసుకుని, అప్పుడు నా వైపు తిరిగారు.

"నీ అంకె నువ్వు రాసుంటే నా తప్పు అప్పుడే దొరికీది. నన్ను నమ్మీసి అంతమందిని ఓడెక్కించీబోయావు."

తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ని కాదు. ఆవిడ రిటైరై వెళ్లిపోయినా ఆ మాట వెళ్లలేదు.

ఇప్పుడు ఓవెన్లోంచి తీసి రమణ ట్రే తూచాను. అతను రాసినదానికి చివరి అంకె తేడా వచ్చింది. హద్దులోపే, ఓడకు భయం లేదు. నా భయమే తగ్గలేదు. రమణను పిలిచి గడి చూపించాను. నువ్వు చేశాక మళ్లీ నేనెందుకని నీ అంకే రాసేశానన్నాడు.

"నన్ను నమ్మకు బావా," అన్నాను.