లాగ్ ఫైలులో మాయమైన సాయమ్మ

ఒక ఆసుపత్రిలో రోగులందరినీ ఒక్క పూటలో రెట్టింపు చేసిన ఘనత నాది. అంటువ్యాధికి కూడా అంత వేగం ఉండదు.

అప్పుడు నేను నాచారంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి టోకెన్ల ప్రోగ్రాం రాశాం. రోగి పేరు గోడమీది తెరపై తెలుగులో వస్తుంది. ఆ తెలుగు నా చేతి పని. ఆ గుండ్రటి అక్షరాలు వెలుగుతుంటే, అచ్చుయంత్రం కనిపెట్టినవాడు కూడా నా ముందు దిగదుడుపే అనుకునేవాణ్ణి.

మొదటి రోజు అక్కడే కూర్చుని లాగ్ ఫైలు తెరిచాను. ప్రోగ్రాం తాను చేసిన ప్రతి పనినీ రాసిపెట్టుకునే చోటది. చూస్తే పేర్లుండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలే, దుకాణంలో వేలాడే కొక్కేల్లాగా. ఎలుక దూరిందని ఎవడో ఇంటికి నిప్పు పెట్టాడట. నేను ఎలుక బొమ్మ చూసే పెట్టాను. పేర్లన్నీ పోయాయనుకుని తెర ఆపేసి, కూర్చున్నవాళ్ల పేర్లు మళ్లీ అడిగి ఎక్కించడం మొదలుపెట్టాను.

"పొద్దుగాల్లనే చెప్పిన గద బిడ్డా," అంది సాయమ్మ అనే పెద్దావిడ.

"కంప్యూటర్ మరిచిపోయిందమ్మా."

"నాకే మతిమరుపు అనుకున్న. దానికి గూడ ఉన్నదా?"

తెర మళ్లీ వెలిగింది. సాయమ్మ లోపలికి వెళ్లి వచ్చింది. కాసేపటికి మళ్లీ ఆవిడ పేరే. మళ్లీ వెళ్లింది.

"ఇప్పుడే చూశాను కదమ్మా," అన్నాడు డాక్టర్.

"మీరే పిలిచిన్రు సారూ. జర మోకాలు గూడ సూడున్రి."

ఇంకో ఇద్దరు కూడా రెండోసారి రావడంతో డాక్టర్ మా టీం లీడర్ యాదగిరి అన్నకు ఫోన్ చేశాడు. ఇదే తంతయితే మీ ప్రోగ్రాం తీసేసి కాగితం టోకెన్లే పెట్టుకుంటానన్నాడు. అన్న బండి మీద వచ్చి తెర చూశాడు, లాగ్ చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"పేర్లు ఏడికి పోలే తమ్మీ. లోపల మంచిగనే ఉన్నయి. లాగ్ రాసే కాడ నువ్వు యూనికోడ్ పెట్టలే. తెలుగు రాయరాక అది ప్రశ్నార్థకం పెట్టింది."

"మరి నేను చేసిందేంటన్నా?"

"ఉన్నోళ్లనే మళ్ల పుట్టిచ్చినవ్."

రెండోసారి ఎక్కించిన పేర్లు తీసేశాను. లాగ్ రాసే చోట, యూనికోడ్‌లో రాయమని చెప్పే యూటీఎఫ్-8 అన్న ఒక్క మాట చేర్చాను. అంతే, కొత్త వరుసల్లో తెలుగు పేర్లు ఒత్తులతో, దీర్ఘాలతో ఠీవిగా నిలబడ్డాయి. డాక్టర్ కాగితాల మాట మళ్లీ ఎత్తలేదు. "లాగ్‌ల తెలుగు నేను గూడ ఇప్పుడే సూస్తున్న," అంటూ యాదగిరి అన్న నా భుజం తట్టాడు. ఆ మాట నేటికీ అడగనివాళ్లకు కూడా చెబుతుంటాను.

బయటికొస్తే మందుల షాపు ముందు సాయమ్మ.

"బిడ్డా, వచ్చేవారం గూడ నువ్వే ఉంటవా? నడుము సూపిచ్చుకునేది మిగిలింది."

అక్కడే, ఉప్పల్ రోడ్డు దుమ్ము సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట లాగ్‌లో ప్రశ్నార్థకం కనబడితే ఫైలునే ప్రశ్నిస్తాను, పేషెంట్లను కాదు.