పాలు పొంగించే గిన్నె

విజయభాస్కర్‌కి కాలు ఒకచోట నిలవదు. వరంగల్ నుంచి చదువుకోవడానికి మాంచెస్టర్ వచ్చాడు. పెళ్ళయి అక్కడ కాస్త కుదురుకున్నాడో లేదో మిల్టన్ కీన్స్ అన్నాడు, అది కూడా ముఖం మొత్తి కోవెంట్రీ వచ్చి పడ్డాడు. ఏ ఊరైనా మొదట్లో స్వర్గమే. కొన్నాళ్ళకు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ ఫోన్‌లో వేరే ఊళ్ళ ఇళ్ళు చూస్తుంటాడు. ఏం తక్కువైందయ్యా అంటే చెప్పలేడు, చెప్పలేనందుకు మనమీదే విసుక్కుంటాడు.

కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే పాలు పొంగించడం మాత్రం ఎక్కడా తప్పలేదు. దానికోసమే అతని భార్య సంజన పుట్టింటి నుంచి ఒక ఇత్తడి గిన్నె తెచ్చుకుంది. మాంచెస్టర్ ఫ్లాట్‌లో ఆ పాలు పొంగి పొయ్యిమీద మాడితే ఫైర్ అలారం మోగి, బిల్డింగంతా నైట్ డ్రెస్సుల్లో రోడ్డుమీదికొచ్చింది. ఆ తర్వాత కూడా ఇల్లు మారిన ప్రతిసారీ సంజన ఆ గిన్నెను చీరలో చుట్టి తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇప్పుడు అతని కన్ను బల్లారట్ మీద పడింది. ఆస్ట్రేలియాలో సముద్రానికి ఎడంగా, ఒకప్పుడు బంగారం దొరికి పెరిగిన ఊరు. అక్కడున్న స్నేహితుడు సృజన్, "మా కంపెనీల ఖాళీ ఉందిరా. ఇంటోళ్ళను తీస్కొచ్చి చూస్కో. వాపస్ పోయినంక సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఈస్టర్ సెలవుల్లో బయల్దేరారు. సంజన ఒక్క మాట అడ్డు చెప్పలేదు. అతనికి కొండంత ధైర్యం వచ్చింది.

అక్కడ ఆకురాలే కాలం. నడిమధ్యన తోట పెట్టుకున్న వెడల్పాటి రోడ్డు, వరండాల పాత మేడలు, చెరువులో నల్ల హంసలు. సృజన్ కారులో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పాడు. గనుల్లోంచి తవ్విపోసిన మట్టి దిబ్బలు ఇప్పటికీ అక్కడక్కడా గడ్డి మొలిచి ఉన్నాయి. విజయభాస్కర్ వాగులో దిగి, పళ్ళెంలో ఇసుక కడిగి, కంటికి ఆనీ ఆనని బంగారు రవ్వ ఒకటి పట్టుకుని చిన్నపిల్లాడిలా కేకలేశాడు. పద్నాలుగేళ్ళ కూతురు రిషిత ఒడ్డునే నిలబడి, "డాడ్, ఐయామ్ నాట్ మూవింగ్ అగైన్," అంది. అతను నవ్వేశాడు.

ఇంకోచోట బంగారం పడిందని తెలిస్తే ఆనాటి మగవాళ్ళు గుడారాలు పీక్కుని పోయేవారని ఆ గనులు చూపించే గైడ్ చెప్పింది. సంజన ఆమెను పక్కకు పిలిచి, మరి ఆడవాళ్ళ సంగతేమిటని అడిగింది. కొందరు వెంట వెళ్ళారట, కొందరు దుకాణాలు పెట్టుకుని ఇక్కడే ఉండిపోయారట. సంజన తలూపింది.

కోవెంట్రీ తిరిగొచ్చిన మర్నాడే ఆదివారం. పెట్టెలు ఇంకా విప్పనేలేదు. బయట వాన. విజయభాస్కర్ హాల్లోంచి కిచెన్‌కి, కిచెన్‌లోంచి హాల్‌కి తిరుగుతూ, ఫోన్ తీయడం, జేబులో పెట్టడం.

"సంజనా, సృజన్‌కు సరే అని చెప్తున్న. గా పాలగిన్నె యాడున్నది? ముందుగాల దాన్నే ప్యాక్ చెయ్యాలె."

ఆమె చేస్తున్న పని ఆపకుండానే కిటికీ వైపు చూపించింది.

కిటికీ గట్టుమీద ఇత్తడి గిన్నె. నిండా మట్టి. అందులో జానెడు కరివేపాకు మొక్క. ఎత్తి చూస్తే అడుగున మూడు బెజ్జాలు.

"దీనికి బెజ్జాలు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. మీ డ్రిల్‌తోని."

"ఎప్పుడు?"

"మీరు టికెట్లు బుక్ చేసిన రోజు."

"మరి అంత దూరం ఎందుకొచ్చినవ్?"

"చూసొద్దామంటే వచ్చిన. ఉందామంటే రాను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను ఎప్పటిలాగే వాదించేవాడు. పుట్టింటి గిన్నెకు ఆమె ఒంటరిగా కూర్చుని బెజ్జాలు పెట్టిన దృశ్యం తలచుకుంటే అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఫోన్ తీసి సృజన్‌కు రావట్లేదని చెప్పాడు. చెబుతుంటే ప్రాణం ఉసూరుమంది, అది మాత్రం నిజం.

గ్లాసుతో నీళ్ళు పట్టి మొక్కకు పోశాడు. నీళ్ళు బెజ్జాల్లోంచి దిగి, గట్టు మీంచి అతని పాదం మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. అతను కాలు తీయలేదు.